ఒకే గదిలో రెండు నేలలు

ఆమె మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు చెప్పులు మెట్ల కిందే విడిచి పైకి వచ్చింది. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల దుకాణం మీద అద్దెకు తీసుకున్న గది మా ఆఫీసు. ఇళ్లకు ప్లాన్లు వేసే ఇంజనీరు సారు, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను. వచ్చేవాళ్లందరూ సైటు మట్టి అంటిన చెప్పులతోనే వచ్చి కూర్చునేవారు. ఆమె మాత్రం వట్టి కాళ్లతో గుమ్మంలో నిలబడి, మొజాయిక్ నేల మీద పాదం ఆనించి చూసింది.

"గీ నేల మస్తు సల్లగున్నది చెల్లె. పొద్దంత గిట్లనే కూసుంటవా నువ్వు?" అంది.

నేను కుర్చీలో కూర్చుని పనిచేసేదాన్ని. కాళ్లకు చెప్పులుండేవి. రోజంతా ఇళ్లు గీస్తూ కూడా నా కాళ్ల కింది నేల చల్లగా ఉందో వెచ్చగా ఉందో గమనించిన గుర్తు లేదు. ఆమె అడిగాక చెప్పులోంచి కాలు తీసి నేలకు ఆనించాను. నిజంగానే చల్లగా ఉంది. చలికాలం అప్పుడప్పుడే మొదలవుతోంది.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది అప్పటికి. ఆమెది బాల్కొండ దాటాక హైవే పక్కన ఉన్న ఒక ఊరు. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. మొదటి రోజు నుంచీ నేను ఆమెను అక్క అనే పిలిచాను. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. అక్కడ అతని పని పెద్ద పెద్ద భవనాల్లో పాలరాతి నేలలు వేయడం. పెళ్లయిన కొత్తలో వెళ్లినవాడు. కొన్నేళ్లకోసారి సెలవు మీద వచ్చి, ఇంట్లోవాళ్ల ముఖాలు సరిగ్గా అలవాటు పడే లోపలే మళ్లీ వెళ్లిపోతాడు. ఇక్కడ ఆమె బీడీలు చుడుతూ, కూతుర్ని బడికి పంపుతూ ఉంటుంది. ఇప్పుడు వాళ్ల సొంత ఇల్లు లేస్తోంది. గోడలు, స్లాబు అయిపోయాయి. ప్లాను మా సారే వేశారు.

"ఆయన ఫోన్ జేసి చెప్తుండు చెల్లె. ఆడ ఇల్లు కట్టకముందే లోపల ఎట్లుంటదో కంప్యూటర్ల సూపిస్తరంట. నేల ఏ అర్రల ఎట్లుంటదో ఫోటో తీసి పంపు అంటుండు. గట్ల అయితదా?"

సారు నా వైపు చూశారు. ఆయన ఆ మధ్యే హైదరాబాద్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టారు. అంతకుముందు మేం గీసేది గీతలే. గోడంటే రెండు గీతలు, తలుపంటే ఒక వంపు. ఈ కొత్తదానిలో గోడ అంటే గోడే. ఎత్తు, మందం, లోపలి ఇటుక, పైని సున్నం అన్నీ చెప్పాలి. ఇల్లు మొత్తం తెర మీద నిలబడుతుంది, లోపలికి నడిచి వెళ్లి చూడొచ్చు. తెచ్చారన్న మాటే గాని దాన్ని నేర్చుకునే తీరిక ఆయనకు లేదు.

"నేర్సుకుంట అన్నవ్ గదమ్మా. గీ ఇంటితోనే షురూ చెయ్యి," అన్నారు.

అక్క నా పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కో గది గురించి చెప్పింది. వరండాలో ఎర్ర గచ్చు. వంటింట్లో నున్నటి బండలు. స్నానాల గదిలో కాలు జారని గరుకు టైల్స్. పడక గదుల్లో, హాల్లో తెల్ల పాలరాయి. అది ఆయన కోరిక. చెప్పడం అయ్యాక కొంగు సర్దుకుని, కొంచెం గొంతు తగ్గించింది.

"హాల్ల కిటికీ కింద మాత్రం షాబాద్ బండలు పెట్టు చెల్లె. జరంత జాగ చాలు. నేను కూసుండేకాడ."

"ఒకటే హాల్ల రెండు రకాలా అక్కా?"

"అవ్. బీడీలు చెయ్యాలె గదా. తంబాకు పొడి పడ్తది, ఆకు తడి ఉంటది. తెల్ల రాయి మీద గవన్ని మరకలే. చలికాలం పాలరాయి మీద కూసుంటె నడుములు గుంజుతయ్. షాబాద్ బండ మంచిది, కూసున్నంక జర సేపటికి మన తీరుగ అయితది."

ఆయనకు ఈ సంగతి తెలుసా అని అడిగాను. ఇంకా చెప్పలేదంది.

చెప్పినంత తేలిక కాలేదు ఆ పని. ఇల్లంతటికీ ఒకటే నేల గీస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకే పలకగా తీసుకునేది. కింద కాంక్రీటు, పైన పాలరాయి అని చెబితే స్నానాల గదిలోకి కూడా పాలరాయి పరుచుకునేది. పోనీ అని ఏ గదికి ఆ గది విడదీసి ముక్కలుగా గీశాను. పైనుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఇంటిని నిలువునా కోసి లోపల చూపించే బొమ్మ తీస్తే మాత్రం, కింది కాంక్రీటు కూడా ప్రతి గుమ్మం దగ్గరా తెగిపోయి కనబడింది. ఆ బొమ్మ చూసి సారు నవ్వారు. "గిట్ల కడితే గుమ్మానికో పగులు వస్తదమ్మా," అన్నారు. ఆ తర్వాత ఒకే పలక మీద గదికో రంగు వేసి చూశాను. రంగుకు మందం ఉండదు కదా. బండకూ పాలరాతికీ మందంలో ఎంత తేడా ఉంటుందో, ఏ గది నేల ఏ గది కంటే ఎత్తు అవుతుందో అది చెప్పలేదు.

చివరికి తోచిన దారి ఇది. కాంక్రీటును ఇంటి అడుగున ఒకే పలకగా ఉంచేయాలి. దాని మీద గదికొక్కటి చొప్పున పల్చటి నేల వేరుగా పరచాలి, మంచం మీద దుప్పటి పరిచినట్టు. ఒక్కోదానికి దాని మందం దానిది. ఈ పద్ధతి అక్క ఇంటి మీద చేసే ముందు, నాకు మూల మూలా తెలిసిన ఇల్లొకటి గీసి చూద్దామనుకున్నాను. అలాంటి ఇల్లు నాకు ఒక్కటే ఉంది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టరు అది. నేను పుట్టింది, డిప్లొమాలో చేరే వరకూ పెరిగింది అక్కడే. బాపు, మా నాన్న, చెరకు రసం కాచే విభాగంలో పనిచేసేవాడు. గానుగ ఆడే కాలమంతా ఊరి మీద చెరకు మడ్డి వాసన ముసురుకుని ఉండేది. చిమ్నీ లోంచి నల్లటి నుసి రాలి ఆరేసిన బట్టల మీద, వరండా మీద పడేది. బాపు డ్యూటీ నుంచి వస్తే అతని అరికాళ్లు నేలకు జిగటగా అంటుకునేవి. అమ్మ, ఆమెను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం, తడిగుడ్డ పట్టుకుని వెనకే తుడుచుకుంటూ వచ్చేది. విసుక్కుంటూనే తుడిచేది. బాపు పోయాక క్వార్టరు ఖాళీ చేసి నిజామాబాద్‌లో అద్దె ఇంటికి వచ్చాం. ఆ ఇంటి గురించి అవ్వ, నేను పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఎవరో ఒకరు మొదలుపెడితే ఇద్దరికీ ఆ పూట అన్నం సయించేది కాదు.

ఇంటికొచ్చి అవ్వను అడిగాను, ముందు గదిలో బండలు ఎలా పరిచి ఉండేవని. ఆమె బియ్యం ఏరుతూ చెప్పింది. తలుపు దగ్గరి బండ పగిలి ఉండేదంది. కాదు, కిటికీ దగ్గరిది అన్నాను. కాసేపు వాదించుకున్నాం. అలా వాదించుకుంటున్నామంటే ఆ ఇంటి గురించి మాట్లాడుకుంటున్నట్టేనని ఇద్దరికీ తట్టలేదు.

క్వార్టరు గీయడం పూర్తయింది. వరండాకు ఎర్ర గచ్చు, ముందు గదికి షాబాద్ బండలు, వంటింటికి మామూలు సిమెంటు గచ్చు, పెరట్లో మట్టి. ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా అతికాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం సారు అనుమతి తీసుకుని అవ్వను ఆఫీసుకు తీసుకొచ్చాను. వరండా మెట్టు దగ్గర మొదలుపెట్టి, తెర మీద ఆమెను మెల్లగా లోపలికి నడిపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. వంటింటి దాకా వెళ్లి, మళ్లీ వరండాలోకి వచ్చాం.

"మంచిగున్నది బిడ్డా. కానీ గింత సాఫ్ లేకుండె," అంది.

"ఎట్లుండె మరి?"

"మీ బాపు కుర్సీ ఏసుకునేకాడ ఎరుపంత పోయి తెల్లగ అయ్యి ఉండె. కాళ్లు అటు ఇటు రుద్దుకుంట కూసుంటుండె గదా మనిషి. గా జాగ యాడున్నది?"

"గట్లాంటిది కంప్యూటర్ల ఉండదవ్వా. వరండకు ఒకటే రంగు."

"మరి గా జాగ లేకపోతె మన ఇల్లెట్లయితది?" అంది. కోపంగా ఏమీ అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

మర్నాడు ఆఫీసులో పని మొదలుపెట్టే ముందు ఆ వరండా తెరిచాను. ఎర్ర గచ్చులో బాపు కుర్చీ ఉండే చోట, గోడకు ఆనించి, ఒక చిన్న చదరం కోసి తీసేశాను. ఖాళీ అయిన ఆ చోట వేరే పల్చటి నేల గీసి, వెలిసిన గులాబీ రంగు ఇచ్చాను. రెండూ ఒకే ఎత్తులో కుదురుకున్నాయి. ఎంతసేపు దాన్నే చూస్తూ కూర్చున్నానో తెలియదు. మనిషి లేని కుర్చీ, కుర్చీ కూడా లేని జాగా, దాని మీద వెలిసిన రంగు. డ్యూటీ నుంచి వచ్చి చొక్కా గుండీలు విప్పుకుని, కాళ్లు చాపుకుని, చాయ్ కోసం లోపలికి కేకేసే బాపు గొంతు నాకు వినబడినట్టే అనిపించింది. సారు మెట్లెక్కే చప్పుడైతే గబగబా మూసేశాను.

అక్క హాలు ఎలా చేయాలో నాకు అలా తెలిసింది. పాలరాతి నేలలో కిటికీ కింద అంతమేర కోసి, ఆ ఖాళీలో షాబాద్ బండల నేల వేరుగా కూర్చోబెట్టడమే.

అక్క శుక్రవారం శుక్రవారం వచ్చేది. గల్ఫ్‌లో ఆ రోజు సెలవు. ఆమె తెర చూస్తూ మాట్లాడటానికి వీలుగా, ఆయన మా ఆఫీసు నంబరుకే ఫోన్ చేసేవాడు. ఆర్మూర్ మీదుగా బస్సులో వచ్చి, పసుపు కొమ్ముల వాసన వచ్చే గంజ్ మార్కెట్ దారిలో కూతురికి ఏదో ఒకటి కొని, మా దగ్గరికి వచ్చి కూర్చునేది. ఫోన్ మోగేదాకా ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. చీర కుచ్చిళ్లనో, నా టేబుల్ మీది కాగితం ముక్కనో వేళ్ల మధ్య చుడుతూనే ఉండేవి, బీడీ చుట్టినట్టే. ఫోన్ మోగగానే వేళ్లు ఆగిపోయేవి.

రిసీవరు చెవికి దూరంగా పట్టుకునేది కాబట్టి ఆయన మాటలు నాకూ వినబడేవి. నేను హాలు గీయడం పూర్తయిన వారం, తెర మీద కనబడుతున్నదంతా వరస పెట్టి చెప్పింది. వరండా ఇట్లుంది, వంటిల్లు ఇట్లుంది అని. చివరికి కిటికీ దగ్గరికి వచ్చింది.

"కిటికీ కింద షాబాద్ బండలు పెట్టిపిచ్చిన."

"షాబాద్ ఎందుకే? హాలంత తెల్లగ ఉండాలె. ఒక్క అతుకు కనవడొద్దు."

"నేను కూసోవాలె గదా."

"ఈడ ఎంతమంది ఇండ్లల్ల ఏసిన నేను. ఏసినంక ఒక్కనాడన్న అండ్ల కాలు పెట్టనిచ్చిన్రా? పని అయిపోతె తలుపులు పెట్టుకుంటరు. నా ఇంట్ల నేను ఏసుకుంట, నేను నడుస్త. కొత్త ఇంట్ల ఇంక బీడీలెందుకు నీకు?"

అక్క తెర వైపే చూస్తోంది. చాలా మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది.

"బీడీలు చెయ్యకపోతె నువ్వు లేని పొద్దు ఎట్ల పోవాలె నాకు?"

లైను ఉందో లేదో తెలియలేదు. "అలో, అలో" అంది అక్క. తర్వాత ఆయన గొంతు వేరేగా వచ్చింది.

"ఆ చెల్లె ఉన్నదా? ఫోన్ ఇయ్యి ఒకసారి."

నేను తీసుకున్నాను.

"చెల్లె, రెండింటి మందం వేరే గదా. అతుకుకాడ కాలికి తగుల్తదా?"

"తగలదన్నా. బండ మందం ఉంటది గదా, దాని కింద మాలు తక్కువ పెడ్తె పైన రెండూ సమానమే. నేను గట్లనే పెట్టిన."

"నువ్వు కంప్యూటర్లనే మాలు గూడ పోస్తున్నవా?" అని నవ్వాడు. అంత దూరం నుంచి, గరగరమనే లైనులోంచి వచ్చిన ఆ నవ్వు బాగుంది. నేల అడుగున పోసే సిమెంటు మాలు గురించి నాతో మాట్లాడినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఇంకేదో అడగబోయాడు గాని ఫోన్ కట్ అయింది. కార్డు అయిపోయి ఉంటుందంది అక్క.

హాలు బొమ్మలు రెండు రకాలుగా తీయమంది. ఒకటి మొత్తం తెల్లగా, ఒకటి కిటికీ కింద బండలతో. వాళ్ల ఊరి నుంచి గల్ఫ్‌కు వెళ్తున్న ఒకాయన చేతికిచ్చి పంపింది. ఏది కావాలో ఆయన్నే చెప్పనిమ్మంది. "నేను చెప్పేది చెప్పిన. ఇంక ఆయన ఇష్టం," అంది.

చాలా రోజులు ఏ కబురూ లేదు. ఒక శుక్రవారం అక్క వచ్చి, ఆయన ఇంటికే ఫోన్ చేశాడని చెప్పింది. బొమ్మలు అందాయట. ఏది వేయాలో మాత్రం చెప్పలేదట. ఒక్క మాటే అన్నాడట.

"నేల ఎవల్నీ ముట్టనియ్యకు అన్నడు చెల్లె. నేనొచ్చి నా చేతుల్తోటి ఏస్త అన్నడు."

"ఎప్పుడొస్తడంట?"

"సెలవు దొరికినప్పుడు."

సెలవు దొరకలేదు. ఎండాకాలం వస్తాడన్నారు, రాలేదు. దసరాకన్నారు, అప్పుడూ రాలేదు. పాత ఇల్లు వానకు బాగా కురుస్తుంటే, నేల వేయకుండానే అక్క కూతుర్ని తీసుకుని కొత్త ఇంట్లో చేరింది. గరుకు కాంక్రీటు మీద చాపలు పరుచుకుని ఉన్నారు. అప్పుడప్పుడూ టౌనుకు వచ్చినప్పుడు ఆఫీసుకు వచ్చేది. పనేమీ ఉండేది కాదు. "జర మా ఇల్లు సూపియ్యి చెల్లె," అనేది. నేను తెరిచేదాన్ని. తెర మీద నిగనిగలాడే హాలు చుట్టూ మెల్లగా తిప్పేదాన్ని. ఆమె కళ్లు ఎక్కడ ఆగితే అక్కడ ఆపేదాన్ని. ఒకసారి వరండా మెట్ల దగ్గర చాలాసేపు ఆపమంది. గేటు వైపు నుంచి ఎవరైనా నడిచి వస్తే అక్కడే కనబడతారు. మనుషుల్ని కూడా పెట్టొచ్చు ఇందులో, నిలబడినట్టు, కూర్చున్నట్టు బొమ్మలుంటాయి. అడిగితే పెట్టేదాన్ని. ఆమె అడగలేదు.

ఆమె వెళ్లాక కొన్నిసార్లు నేను మా క్వార్టరు తెరుచుకునేదాన్ని. ఆమెది రాబోయే ఇల్లు, నాది వదిలేసి వచ్చిన ఇల్లు. రెండూ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉండేవి.

తర్వాతి ఏడు చలికాలంలో ఆయన వచ్చాడు. ఆ సంగతి నాకు ఆయన వెళ్లిపోయాకే తెలిసింది. నాకు పెళ్లి కుదిరింది, హైదరాబాద్ వెళ్లిపోతున్నాను. ఆఫీసు మానేసే ముందు అక్కకు ఆ మాట చెబుదామని ఒకరోజు బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. రోడ్డు మీదే ఇల్లు. నేను గీసిన ఇంటిని మొదటిసారి ఎదురుగా చూశాను. వరండాలో ఎర్ర గచ్చు అద్దంలా మెరుస్తోంది. చెప్పులు విడిచి మెట్టెక్కాను.

హాల్లోకి అడుగుపెట్టగానే ఆగిపోయాను. తెల్లటి పాలరాయి గోడ నుంచి గోడ దాకా, నిజంగానే ఎక్కడా అతుకు కనబడకుండా. కిటికీ కింద మాత్రం నీలి బూడిద రంగు షాబాద్ బండలు. అక్క వాటి మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట, అందులో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు కట్టలు. నన్ను చూసి చాట పక్కన పెట్టి లేవబోయింది. వద్దని నేనే వెళ్లి ఎదురుగా పాలరాయి మీద కూర్చున్నాను.

"గా రాయి మీద కూసోకు, సల్లగుంటది. ఇటు రా," అని తన పక్కన చోటు చూపించింది.

వెళ్లి కూర్చున్నాను. బండ వెచ్చగా ఉంది. నేను గీసినదాని కంటే ఈ జాగా పెద్దదని అప్పుడు అర్థమైంది. నేను ఒక మనిషికి సరిపోయేంతే పెట్టాను.

"పెద్దగ ఏసిన్రు గదక్కా," అన్నాను.

అక్క ఒక ఆకు తీసుకుని కత్తిరిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

ఆయన వచ్చిన మర్నాడే పని మొదలుపెట్టాడట. చుట్టాలు చూడటానికి వస్తే మోకాళ్ల మీద కూర్చునే మాట్లాడి పంపించేవాడట. ఆమె నీళ్లు అందించేది, మాలు కలిపి తెచ్చేది, తాడు ఒక కొస పట్టుకునేది. "ఎక్కడికన్న పోదాం, పోచంపాడ్ డ్యామన్న సూసొద్దాం అని బిడ్డ ఏడ్చింది. గీ అర్ర అయినంక పోదాం, గీ అర్ర అయినంక పోదాం అన్నడు," అంది నవ్వుతూ. పడక గదులు అయ్యాయి, వంటిల్లు అయింది. హాలు చివరికి మిగిలింది. కిటికీ వైపు వదిలేసి అవతలి గోడ నుంచి వేసుకుంటూ వచ్చాడట. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

"ఒకనాడు పొద్దుగాల్నే ఆర్మూర్ పోయిండు. ఆటోల షాబాద్ బండలు ఏసుకొచ్చిండు. చాట తెచ్చుకుని కూసో అన్నడు. కూసున్న. బీడీ చెయ్యి అన్నడు. చేసిన. నేను చేస్తుంటె నా చుట్టూత చాక్‌పీసుతోటి గీత గీసిండు. మోకాళ్లకాడి నుంచి, మోచేతులు తిరిగేకాడి నుంచి. సరిపోయింది గదా అన్న. ఆగు అని నా పక్కకు వచ్చి కూసున్నడు. నా చేతుల చాక్‌పీసు పెట్టిండు. ఇంక నా చుట్టూత నువ్వు గియ్యి అన్నడు."

ఆమె చేతిలో కత్తెర ఆగింది.

"నేను అచ్చినప్పుడు యాడ కూసోవాలె మరి, అన్నడు."

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. నేను కూర్చున్నది ఆయన చోట్లో అని తెలిసి కొంచెం జరగబోయాను. అక్క నా మోకాలి మీద చేయి వేసి ఆపింది.

"కూసో. ఖాళీగనే ఉంటది గదా."

హాలు పూర్తయ్యాక ఆయనకు మిగిలిన రోజులు తక్కువట. ఆ రోజుల్లో ఇంట్లోంచి బయటికి పోలేదట. గది నుంచి గదికి వట్టి కాళ్లతో ఊరికే నడిచేవాడట. ఒక గుమ్మం దాటి నిలబడి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ దాటి. మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చేవాడట. "వంకర టింకర కత్తిరిస్తుండె. ఒక్కటి పనికి రాకుండె. ఊకోమంటె ఊకోకపోతుండె," అంది. డ్యామ్ చూడటం మాత్రం కుదరలేదు. "ఉన్న రోజులన్ని నేలకే పోయినయ్ చెల్లె. ఇంక ఎప్పుడన్న కాలు కింద పెడ్తె చాలు, ఆయన చేతులే యాదికస్తయ్. మంచిదో చెడ్డదో నాకేం తెలుస్తలేదు."

నేను పెళ్లి సంగతి చెప్పాను. సంతోషపడింది. లోపలికి వెళ్లి కుంకుమ, పసుపు, రవిక గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఆ ఏడాది పసుపు కొత్తగా పట్టించారట, ఘాటుగా వాసన వేసింది. వచ్చే సెలవులో ఆయన పైన ఇంకో అర్ర వేద్దామంటున్నాడని, దానికి కూడా నేనే గీయాలని అంది. తప్పకుండా గీస్తానన్నాను. బస్సు వచ్చేదాకా నాతో పాటు రోడ్డు మీద నిలబడింది. బస్సెక్కి కిటికీలోంచి చూస్తే, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని ఇంకా అక్కడే ఉంది.

హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా అదే పని చేస్తున్నాను. ఇప్పుడు ఆసుపత్రులు, హోటళ్లు, పేరు కూడా గుర్తుండని పెద్ద భవనాలు. ఒక్కో అంతస్తుకు ఎన్ని రకాల నేలలో. కాంక్రీటు ఒకటిగా ఉంచి పైన వేర్వేరుగా పరచడం ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు కూడా తెలుసు. నిజామాబాద్ ఆఫీసు మూసేశారు. ఆ కంప్యూటర్లు ఏమయ్యాయో సారుకే తెలియదు. అక్క ఇల్లు, మా క్వార్టరు వాటితో పాటే పోయాయి. అక్క ఇచ్చిన నంబరు కొన్నాళ్లు మోగింది, తర్వాత వేరెవరిదో అయింది. అవ్వ పోయాక నాకు నిజామాబాద్ వెళ్లే పని కూడా తగ్గిపోయింది.

ఒకసారి బంధువుల ఇంట్లో పెళ్లికి నిర్మల్ వెళ్తూ ఆ దారిన పోయాను. బాల్కొండ వస్తుండగానే కిటికీ పక్కకు జరిగి కూర్చున్నాను. హైవే వెడల్పు చేశారు, ఊరి రూపే మారిపోయింది. దాటిపోయామేమో అనుకుంటుండగా ఇల్లు కనబడింది. వరండా అదే. పైన ఇంకో అంతస్తు లేచింది, ముందు బాల్కనీ, కిటికీలకు కొత్త రకం అద్దాలు. ఎవరు గీశారో. కింద గేటు తీసి ఉంది. వరండాలో ఎవరో మగమనిషి వంగి ఏదో చేస్తున్నాడు. ఆయనో, కాదో. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు కదా, చూసినా గుర్తుపట్టేదాన్ని కాదు. ఆయనే అయి ఉండాలని అనుకున్నాను. డ్రైవరును ఆపమని అడిగే లోపలే బస్సు ఊరు దాటి పోచంపాడ్ వైపు సాగిపోయింది.